చేటలో మందాకులు - ఆకుల మీద పిల్లి

అవనిగడ్డ: దివిసీమలో కరకట్టకు దగ్గరగా ఉన్న ఒక గ్రామం. ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఇంటి వసారాలో నాలుగు చేటలు, రెండు వెదురు తట్టలు, ఒక నులక మంచం వరుసగా కనిపిస్తాయి. చేటల్లో తులసి, తట్టల్లో పుదీనా, మంచం మీద పాత చీర పరిచి దానిమీద నేలవేము. గోడవారగా, ఇదంతా తనకోసమే పరిచారన్నంత ధీమాతో ఒక చారల పిల్లి. ఆ పిల్లికి పేరు లేదు. "పిల్లీ" అనే పిలుస్తారు, అది పలుకుతుంది.

ఇది గత వానాకాలం నాటి దృశ్యం. ఇప్పుడు అక్కడ చేటలూ లేవు, మంచమూ లేదు. ఎందుకు లేవన్నదే ఈ కథ.

ఆ ఇంటి ఇల్లాలికి అరవై దాటాయి. ఇంటి వెనుక నాలుగు సెంట్ల పెరడు ఉంది. ఒకప్పుడు అందులో బీర, పొట్ల పాకించేవారు. మూడేళ్ల కిందట పట్నంలోని ఒక ఆయుర్వేద మూలికల దుకాణం వారు ఎండు తులసి కొంటామంటే నాలుగు మడుల్లో తులసి వేశారు. తర్వాత పుదీనా, నేలవేము వచ్చి చేరాయి. నాలుగైదు కిలోల పచ్చి తులసి ఎండితే ఒక కిలో చేతికొస్తుంది. పెద్ద ఆదాయమేమీ కాదు. కానీ ఎవరినీ చేయి చాచి అడగకుండా ఆమె ఖర్చుపెట్టుకునే డబ్బు అదొక్కటే. మనుమరాలి చెవి కమ్మలు కూడా అందులోంచే వచ్చాయని ఆమె కొంచెం గర్వంగానే చెప్పారు.

అలాంటిది, గత వానాకాలంలో తీసుకెళ్లిన పదకొండు కిలోల మూట వెనక్కి వచ్చింది. దుకాణదారు మూట విప్పి, గుప్పెడు తులసి తీసి తెల్లకాగితం మీద జల్లి, అందులోంచి మూడు వెంట్రుకలు ఏరి వరుసగా పెట్టాడట. "అమ్మా, ఇది మనుషులు తాగే కషాయంలోకి వెళ్లే సరుకు" అని మూట మళ్లీ కట్టి చేతికిచ్చాడు. కోపంగా కూడా అనలేదు. అలా అనకపోవడమే ఎక్కువ బాధపెట్టిందంటారు ఆమె. నెల రోజుల పని, బస్సు చార్జీలు, అన్నీ పోయాయి.

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది. పిల్లిని గోనెసంచిలో కట్టి కరకట్ట అవతల వదిలి వస్తానని కొడుకు బయలుదేరాడు. "గాదె కింద ఎలుకల్ని నువ్వు పడతావా?" అని తల్లి అడ్డుపడింది. కోడలికి అప్పుడు నాలుగో నెల. కడుపుతో ఉన్నవాళ్లకు పిల్లి మంచిది కాదని ఎవరో చెప్పారని ఆమె భయం ఆమెది. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే విషయం తేలలేదు.

కుప్పింట వేరు చేసిన పని

అసలు గొడవ ఎక్కడ మొదలైందో కనిపెట్టింది పక్కింటి ముసలాయన. వయసు ఎనభై పైమాటే. ఒకరోజు వసారాలోకి తొంగిచూసి, "ఏమ్మా, పిల్లికి పండగ చేస్తున్నావా?" అన్నాడు. "అదేమిటి బాబాయ్" అంటే, మంచం పక్కన గోనెపట్టా మీద పరిచిన మొక్కల్ని కర్రతో చూపించాడు. అది కుప్పింట. కొన్నిచోట్ల మురిపిండి అంటారు. దుకాణం వారు సమూలం, అంటే వేరుతో సహా కావాలని అడిగితే ఆ వారమే పీకి తెచ్చారు.

కుప్పింటను ఎరగనివారు పల్లెలో అరుదు. పెంటకుప్పల పక్కన, కాలవ గట్ల మీద, పాడుబడ్డ దొడ్లలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. పొడవాటి తొడిమ, అంచున రంపపు పళ్లున్న ఆకు, కంకి పొడుగునా చిన్న చిన్న ఆకుపచ్చ గిన్నెల్లాంటి తొడుగులు దాని గుర్తు. ఆకు నూరి, పసుపో ఉప్పో కలిపి గజ్జికి పట్టించడం మన పెద్దవాళ్లకు తెలిసిన వైద్యమే. కానీ దాని వేరు విషయం చాలామందికి తెలియదు. మొక్క నేలలో ఉన్నంతసేపూ పిల్లి దాని పక్కనుంచే పోతుంది, పట్టించుకోదు. పీకి వేరు బయటపడిందో, ఎక్కడినుంచో వచ్చి వాలుతుంది. వాసన చూస్తుంది, నాకుతుంది, చెంపలు రుద్దుతుంది, వెల్లకిలా పడి దొర్లుతుంది. తమిళులు ఈ మొక్కకు పెట్టిన పేర్లలో పూనైవణంగి ఒకటి. పిల్లి మొక్కే చెట్టు అని దాని అర్థం. పేరు పెట్టినవాళ్లు కళ్లారా చూసే పెట్టి ఉంటారు.

ఇది ముసలివాళ్ల మాట మాత్రమే కాదు. హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి ఉంది. అక్కడ అడవిపాలైన పిల్లులు పక్షుల్ని, చిన్న జంతువుల్ని తినేస్తుంటే, వాటిని ఆకర్షించేదేమైనా దొరుకుతుందా అని వెతికిన శాస్త్రజ్ఞులకు ఈ మన పెంటకుప్ప మొక్కే తగిలింది. దాని వేరులో పిల్లుల్ని లాగే పదార్థాలేమిటో 2016లో ప్రకటించారు. పాశ్చాత్య దేశాల్లో పిల్లులకు ఆటవస్తువుల్లో పెట్టే క్యాట్‌నిప్ అనే పుదీనా కుటుంబపు మొక్క ఒకటి ఉంది. కుప్పింట వేరులోనిది ఆ మొక్కలోని పదార్థానికి దగ్గరి చుట్టం. అక్కడి పిల్లుల్లో మూడింట రెండు వంతులకే ఆ క్యాట్‌నిప్ పిచ్చి ఉంటుందనీ, అది పుట్టుకతో వచ్చే గుణమనీ అంటారు. పది నిమిషాలు దొర్లి లేస్తాయి, ఆ తర్వాత గంటసేపు దాని వంక చూడవు.

పిల్లి అలా ఎందుకు దొర్లుతుందన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రజ్ఞులు 2021లో ఒక జవాబు చెప్పారు. అక్కడి మటటాబి అనే తీగ ఆకులు రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువ వాలుతున్నాయట! మత్తుకని మనం అనుకుంటుంటే అది దోమల మందు పూసుకుంటోందన్నమాట.

మన ఇంటి సంగతికి వస్తే, గోనెపట్టా మీద పచ్చి వేళ్లతో కుప్పింట, దాని పక్కనే చేటల్లో తులసి. ఇంటి పిల్లి ఒక్కటే కాదు, రాత్రిపూట వీధిలోని మరి రెండు మూడు పిల్లులూ వచ్చేవి. కుప్పింట మీద దొర్లి, ఆ ఊపులో చేటల్లోకి ఎక్కి పడుకునేవి. వెంట్రుకలు రాకేం చేస్తాయి? ఆ ఇల్లాలు ఇప్పుడు కుప్పింటను వసారాలో పెట్టరు. పీకిన రోజే వేళ్లు కడిగి, పాత పశువుల కొట్టంలో తలుపు వేసి ఆరబెడతారు.

కుప్పింట గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. పైపూతకు వాడటం వేరు, కడుపులోకి తీసుకోవడం వేరు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో జీ-6-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఇది మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది. మన దేశంలోనూ ఇలాంటివారు ఉన్నారు. అలాంటివారు కుప్పింట తింటే రక్తకణాలు చిట్లిపోయి, మూత్రం నల్లగా మారి, ప్రాణం మీదికి రావచ్చు. శ్రీలంకలో ఈ ఆకు వండుకుని తిన్నవారికి ఇలా జరిగిందని అక్కడి వైద్యులు రాశారు. కాబట్టి ఎవరో చెప్పారని ఈ ఆకు రసం పిల్లలకు తాగించవద్దు.

ఉట్టి మళ్లీ వేలాడింది

కుప్పింటను తీసేసినా పిల్లి చేటల్ని వదల్లేదు. దాని తప్పేమీ లేదు. మనకు ఉక్కపోసే వేడే పిల్లికి హాయి. ముప్పై డిగ్రీలు దాటితేగానీ దానికి చలి తీరదు. కాస్త వెచ్చగా, గాలి తగిలేచోట, మెత్తని ఆకులు పరిచిన, అంచులున్న చేట కంటే దానికి మంచి పడక ఏముంటుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఉట్టి. పాలు, వెన్న, నెయ్యి పిల్లికి అందకుండా దూలానికి వేలాడదీసిన ఉట్టి మన ఇళ్లలో ఉండేది. ఫ్రిజ్‌లు వచ్చాక కృష్ణాష్టమికి తప్ప దాని అవసరం పోయింది. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అన్న సామెత మిగిలింది, ఉట్టి మాయమైంది. ఆ ఇంట అటక మీద ఇంకా రెండు ఉన్నాయి. కానీ ఉట్టిలో కుండ పడుతుంది, ఆకులు పరచడానికి చోటు చాలదు. కొడుకే దానికి ఉపాయం చేశాడు (సంచి పట్టుకుని బయలుదేరిన ఆ కొడుకే). నాలుగు వెదురు బద్దలతో మూడడుగుల చదరపు చట్రం కట్టి, పాత దోమతెర గుడ్డ బిగించి కుట్టాడు. నాలుగు మూలలకు తాళ్లు కట్టి ఉట్టిలాగే దూలానికి వేలాడదీశాడు. పైన మరో దోమతెర ముక్క కప్పు. ఆకులకు కిందినుంచీ పైనుంచీ గాలి ఆడుతుంది. ఈగ వాలదు, బల్లి పడదు.

ఎత్తు విషయంలో మొదట పొరపాటు పడ్డారు. ఐదడుగుల ఎత్తున కట్టారు. మర్నాడు తెల్లారేసరికి పిల్లి అందులోనే ఉంది! నిలుచున్న చోటినుంచే ఐదారడుగులు ఎగరడం దానికి లెక్కలోది కాదు. ఇప్పుడు చట్రం ఏడడుగుల పైన ఉంది. అంతకంటే ముఖ్యం, గోడకూ కిటికీకీ బీరువాకూ కనీసం నాలుగడుగుల దూరంలో ఉండటం. పిల్లి నేలనుంచి ఎగరడం తక్కువ, పక్కనున్న వస్తువు మీదినుంచి దూకడం ఎక్కువ. దూలం మీదినుంచి ఎలుక తాడు పట్టుకుని దిగకుండా నూనె డబ్బా మూతకు బెజ్జం చేసి తాడుకు మధ్యలో తొడిగారు.

ఇక ఆకు ఎండే తీరు గురించి. తులసి, పుదీనా వంటివాటికి వాసనే ప్రాణం. ఆ వాసన నూనె ఎండవేడికి ఎగిరిపోతుంది, రంగు కూడా పాలిపోతుంది. అందుకే నీడలో, గాలిలో ఆరబెట్టాలి. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. పూత బాగా రాకముందు కోసిన ఆకులో గుణం ఎక్కువ. కడిగి, నీళ్లు పూర్తిగా ఓడిచి, పలుచగా పరచాలి. మందంగా పరిస్తే అడుగు ఆకు నల్లబడి బూజు పడుతుంది. రోజుకోసారి చేత్తో కదిలించాలి. వేసవిలో మూడు నాలుగు రోజులు చాలు. మన సముద్రపు గాలికి, అందులోనూ వానాకాలంలో, వారం దాటినా ఆశ్చర్యం లేదు. ఆకు వేళ్ల మధ్య నలిపితే గలగలమని పొడి కావాలి, కాడ వంచితే విరగాలి. కాడ వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టే. ఎండిన సరుకును మూత గట్టిగా పట్టే గాజు సీసాలో వేసి, రెండు మూడు రోజుల తర్వాత చూడాలి. సీసా లోపలి గోడకు చెమ్మ పడితే మళ్లీ బయటికి తీయాల్సిందే. రోడ్డు మీద ఆరబోసే అలవాటు మాత్రం మందాకులకు పనికిరాదు. ధాన్యానికి పొట్టు ఉంది, ఆకుకు లేదు. దుమ్మూ బండ్ల పొగా అన్నీ దానికే పడతాయి.

కోడలి భయం సంగతి

పిల్లి వెంట్రుకల కంటే ఆలోచించవలసింది పిల్లి మలం గురించి. కొత్తగా తవ్విన మెత్తని మడి, పొడిమట్టి ఉన్న కుండీ పిల్లికి మరుగుదొడ్డి. ఎలుకల్ని, పిట్టల్ని తినే పిల్లుల పేగుల్లో టాక్సోప్లాస్మా అనే కంటికి కనిపించని పరాన్నజీవి చేరుతుంది. పిల్లి సాధారణంగా జీవితంలో ఒకసారి, ఎక్కువగా కూనగా ఉన్నప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలపాటు దాని గుడ్ల వంటి కణాలను మలంలో వదులుతుంది. అవి పడిన వెంటనే అంటుకోవు. ఒకటి నుంచి ఐదు రోజుల్లో ముదిరి, ఆ తర్వాత మట్టిలో ఏడాదికి పైగా బతికి ఉండగలవు.

మామూలు మనుషులకు దీనివల్ల పెద్ద ప్రమాదం ఉండదు, చాలామందికి వచ్చిపోయినట్టు కూడా తెలియదు. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితేనే చిక్కు. కడుపులో బిడ్డ కళ్లకు, మెదడుకు దెబ్బ తగలవచ్చు, గర్భం పోవచ్చు. కోడలి భయం అందుకే కొట్టిపారేయదగ్గది కాదు. అయితే పిల్లిని నిమిరినంత మాత్రాన ఇది రావడం అరుదు. మట్టి చేతులతో అన్నం తినడం, సరిగా కడగని పచ్చి ఆకుకూరలు, సగం ఉడికిన మాంసం - దారులు ఇవి. గర్భిణులు మడుల పని, పిల్లి మలం ఎత్తే పని మరొకరికి అప్పగించాలి. తప్పకపోతే చేతికి తొడుగు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మలం రోజూ తీసేస్తే ముదిరే లోపే పోతుంది. నీడన ఎండినంత మాత్రాన ఆ కణాలు చస్తాయని నమ్మకం పెట్టుకోరాదు. మరిగే నీటిలో చస్తాయి కాబట్టి కషాయానికి భయం లేదు. పచ్చి పుదీనా, కొత్తిమీర పచ్చళ్ల దగ్గరే జాగ్రత్త, ధారగా పోసే నీటిలో ఆకు ఆకూ కడగాలి.

ఆ ఇంట మడుల మీద మొక్కల మధ్య పాత పెంకులు పరిచారు. కుండీల్లో మట్టి కనపడకుండా గులకరాళ్లు. కొత్తగా విత్తనం చల్లిన మడి మీద మొలకలొచ్చేదాకా తుమ్మకంప. పెరటి దూరపు మూల పిల్లికోసం వేరుగా బుట్టెడు ఇసుక పోశారు. మెత్తని పొడి ఇసుక దొరికాక అది మడుల జోలికి రావడం తగ్గింది. నిమ్మతొక్కలు వేస్తే పిల్లి రాదని కొందరంటారు. మా ఇంటి పిల్లి మాత్రం ఆ తొక్కల పక్కనే పడుకుని నిద్రపోయింది.

కలరా ఉండలు మాత్రం వేయవద్దు. వాసనకు పిల్లి పోతుందని కుండీల్లో వేసేవాళ్లున్నారు. అవి పిల్లికి విషం. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం, ముందు చెప్పిన జీ-6-పీడీ లోపం ఉన్న బిడ్డకైతే మరీ ప్రమాదం.

చేటలోంచి పిల్లిని లాగేటప్పుడు గోరు గీరడం మామూలే. రేబిస్ కుక్కకాటుకే వస్తుందనుకుని ఊరుకోకూడదు, పిల్లితోనూ వస్తుంది. రక్తం వచ్చేలా గీరినా, కరిచినా, ధారగా పడే నీటితో సబ్బు పెట్టి పావుగంటసేపు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పసరు, కారం, సున్నం పెట్టి కట్టు కట్టవద్దు.

పిల్లికీ ప్రమాదమే

మనకు మందైనది పిల్లికి మందు కాదు. వాము ఆకు, కలబంద నమిలితే దానికి వాంతులు, విరేచనాలు పడతాయి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను పాడుచేస్తాయి. గన్నేరు సంగతి చెప్పనక్కర్లేదు. తోటల్లో పెంచే అసలు లిల్లీ జాతి పూలైతే పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. మన పూలకొట్టులో లిల్లీ అని దండలకు అమ్మే తెల్లని కాడపూలు ఆ జాతివి కావు, వాటికి కంగారు పడనక్కర్లేదు.

పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని జ్వరం బిళ్ల వేయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. కొన్నిరకాల పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. ఒక్క పారాసెటమాల్ బిళ్ల చాలు దాని ప్రాణం తీయడానికి. కర్పూరం, నీలగిరి తైలం కూడా దాని ఒంటికి రాయరాదు. పొట్ట బాగులేకపోతే అది తనంతట తానే గరిక కొరుక్కుంటుంది, కాస్త గరిక పెరట్లో వదిలేస్తే చాలు. అంతకు మించితే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లిని తెచ్చారేమిటని అక్కడ ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఆ ఇంట కోడలికి సంక్రాంతి వెళ్లాక ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. పిల్లి పగలంతా వేలాడే చట్రం కింద సరిగ్గా నీడ పడేచోట పడుకుంటోంది. అప్పుడప్పుడు పెరట్లో కుప్పింట మొక్క ఒకటి పీకి దాని ముందు పడేస్తారు, తులసికి దూరంగా.

ఇటీవల ఆ ఇల్లాలు మళ్లీ మూట కట్టుకుని పట్నం వెళ్లారు. దుకాణదారు ఈసారి తెల్లకాగితం మీద రెండుసార్లు జల్లి చూశాడట. తూకం తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు.